మాస్టరమ్మ ఊపిరి

మా వదిన కత్తెర పట్టుకుందంటే షాపులో ఈగ కూడా వాలడానికి జంకుతుంది. నేను కుట్టుమిషన్ ఆపెయ్యాలి. రేడియో నోరు నొక్కెయ్యాలి. ఎవరికైనా దగ్గొస్తే బయటికెళ్లి దగ్గి రావాలి. సుద్దగీత మీద కత్తెర నోరు తెరిచినప్పటి నుంచి గుడ్డ రెండు ముక్కలై విడిపోయేదాకా ఆమె ఊపిరి తియ్యదు. పెదాలు లోపలికి మడుస్తుంది, బుగ్గలు పొంగిస్తుంది, ఒక్క బిగిన కోసేస్తుంది. ఆ తర్వాత "హమ్మయ్య" అంటుంది. అప్పటికి గానీ మాకు కదలడానికి అనుమతి లేదు.

ఆమెను అందరూ మాస్టరమ్మ అంటారు. కట్టింగ్ మాస్టర్లంటే మగవాళ్లే అనుకునేవాళ్లు మెట్లెక్కి వచ్చి "మాస్టారు లేరా అమ్మా?" అని అడిగితే, "నేనే. చెప్పండి, పొడుగెంత?" అని టేపు తీస్తుంది. పుట్టింట్లో ఎవరికీ సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. పెళ్లికి ముందు రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో, కుట్టిన చొక్కాలకు వేలాడే దారప్పోగులు కత్తిరించే పనిలో చేరి, కట్టింగ్ బల్ల పక్కన నిలబడి చూసి చూసి ఈ పని పట్టేసింది. అక్కడ ఒక్క కోత తప్పితే ఇంటికి పంపించేసేవాళ్లట. ఆ భయంతో నేర్చుకున్న చెయ్యి. గుడ్డ కదలకూడదు, చెయ్యి ఆడకూడదు, కాబట్టి ఊపిరి కూడా ఆగాలి అన్నది ఆమె ఒంట్లో పాతుకుపోయింది.

ఇక కంగారు సంగతి చెప్పనే అక్కర్లేదు. మా అన్నయ్య బస్సు డ్రైవరు. ఆయన కాస్త ఆలస్యమైతే వదిన కిటికీకి అతుక్కుపోయి "బ్రేకులు పడలేదేమో, ఎవరైనా అడ్డం వచ్చారేమో" అని మొదలుపెడుతుంది. బయటికి బయల్దేరిన మనిషి సగం మెట్లు దిగి, గ్యాసు కట్టేశానో లేదోనని మళ్లీ ఎక్కుతుంది. మా అన్నయ్య దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఏం జరిగినా "ఏం కాదులే" అంటాడు. ఇల్లు తగలబడుతున్నా "ఏం కాదులే" అంటూ చెప్పులు వెతుక్కునే రకం. ఈ ఇద్దరి మధ్య ఉండి నాకు నోరు పెరిగింది. ఆడపడుచుని కాబట్టి నోరుండటం నా హక్కనుకోండి.

వాళ్లకి ఒక్కతే కూతురు. ఒకటో తరగతి. బుగ్గలు ఉబ్బించుకుని తిరుగుతుందని నేనే దానికి బుడగ అని పేరు పెట్టాను. బడి పక్క వీధిలోనే కాబట్టి సాయంత్రం నేరుగా షాపుకొచ్చేస్తుంది. కట్టింగ్ బల్ల చివర గడ్డం ఆనించి, వాళ్లమ్మ కోస్తుంటే కళ్లార్పకుండా చూస్తుంది. రాలిన ముక్కలన్నీ దానివే.

ఈ బుడగ ఒకరోజు బడిలో కళ్లు తిరిగి పడిపోయింది.

టీచరు చదవమంటే లేచి నిలబడిందట, ఎర్రబడిందట, పడిపోయిందట. నీళ్లు చల్లేసరికి లేచి కూర్చుని పుస్తకం అడిగిందట. పొద్దున్న ఏమీ తినలేదేమో అనుకున్నాం. తర్వాత డిక్టేషన్ రాస్తూ బెంచీ మీదే ఒరిగిపోయింది. వదిన సగం ప్రాణం అప్పుడే పోయింది. ఆ రోజు నుంచి బడికి పంపేటప్పుడు పిల్ల భుజాలు రెండూ పట్టుకుని ఒకటే పాఠం. "పరుగెత్తకు. మెట్ల దగ్గర ఆడకు. ధ్యాస పెట్టి దిగు. విన్నావా? ధ్యాస పెట్టాలి." పిల్ల బుద్ధిగా తలూపేది.

ఆ వారంలోనే బడి మెట్ల మీద పడింది. నుదురు చిట్లింది. ఫోనొచ్చినప్పుడు వదిన చేతిలో కత్తెర ఉంది. దాన్ని అలాగే పట్టుకుని వీధిలో పరుగెత్తింది. నేను వెనకాలే పరుగు. జనం పక్కకి తప్పుకున్నారంటే తప్పుకోరూ మరి! ఆస్పత్రిలో కుట్లు వేస్తుంటే బుడగ ఏడవలేదు. వాళ్లమ్మ ముఖం చూసి మాత్రం భయపడింది.

డాక్టరు గుండె చూశాడు, రక్తం చూశాడు, తలకి ఫొటో తీయించాడు. అన్నీ బాగున్నాయన్నాడు. "పిల్ల ఊపిరి బిగబట్టేస్తోందమ్మా. అందుకే కళ్లు తిరుగుతున్నాయి. ఏదో భయం ఉండుంటుంది. మందులక్కర్లేదు. లైబ్రరీ మేడమీద పిల్లలకీ పెద్దలకీ కలిపి యోగా నేర్పుతున్నారు. ఇంటిల్లిపాదీ వెళ్లండి" అన్నాడు. బడి హెడ్‌మిస్ట్రెస్ ఇంకో మాట అంది. "ఇంకొక్కసారి పడితే మాత్రం, పూర్తిగా తగ్గేదాకా ఇంట్లోనే ఉంచుకోండి. మెట్లున్న బడి ఇది. ఆ బాధ్యత నేను మొయ్యలేను." తప్పనడానికి లేదు. కానీ ఆ మాట విన్నాక వదినకి అన్నం సహించలేదు. మళ్లీ పడితే ఎక్కడ పడుతుంది, ఎలా పడుతుంది? మాట్లాడకపోయినా ఆ ప్రశ్న ఆమె ముఖం మీద రాసిపెట్టినట్టు కనిపించేది.

దానికి భయమేమిటో మాకు అర్థం కాలేదు. "ఎవరైనా కొడుతున్నారా? తిడుతున్నారా?" అని అడిగితే బుడగ మమ్మల్ని వింతగా చూసి "లేదే" అనేది.

సరే, యోగాకి వెళ్లాం. నాకు ఇలాంటివాటి మీద పెద్ద నమ్మకం లేదు, ముందే చెబుతున్నాను. నేర్పే అమ్మాయి సన్నగా, గొంతులో దూది పెట్టుకున్నట్టు మాట్లాడుతుంది. చాపలు పరిచింది. పిల్లిలా వీపు వంచమంది. బస్సు సీటుకి అలవాటుపడిన మా అన్నయ్య నడుం 'కటుక్'మంది, హాలంతా వినబడింది. ఒంటికాలి మీద నిలబడమంది. పిల్లలు చక్కగా నిలబడ్డారు, పెద్దలందరం గోడలు పట్టుకున్నాం. బుడగ కిలకిలా నవ్వింది. కుట్లు పడ్డాక అది నవ్వడం అదే మొదలు. వదిన ఆ నవ్వుకేసే చూస్తూ తనూ ఒరిగి నా మీద పడింది.

తర్వాత అందరినీ కూర్చోబెట్టి ఆ అమ్మాయి మెల్లగా అంది. "ఇప్పుడు కళ్లు మూసుకోండి. ఏమీ చెయ్యొద్దు. మీ ఊపిరి మీద ధ్యాస పెట్టండి."

నేను కళ్లు మూసుకోలేదు, నా గుణం అది. అందుకే నేనే ముందు చూశాను. నా పక్కన బుడగ పెదాలు లోపలికి మడిచింది. బుగ్గలు పొంగాయి. ముఖం ఎర్రబడుతోంది, చెవులు కూడా.

"వదినా!" అని అరిచాను. ఆ అమ్మాయి ఒక్క ఉరుకున వచ్చి పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, దాని ముఖం మీద మెత్తగా ఊదింది. బుడగ ఉలిక్కిపడి గాలి పీల్చింది.

"ఏం చేస్తున్నావు బంగారూ?"

"మీరు చెప్పిందే. ధ్యాస పెడుతున్నా."

"ధ్యాస పెట్టడమంటే ఎలా? నాకు చూపించవూ?"

బుడగ చూపించింది. పెదాలు మడిచి, బుగ్గలు పొంగించి, మెడ కొంచెం ముందుకి వంచి, రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తూ గాల్లో ఒక గీత కోసింది. అచ్చం మా వదిన! పిల్లలంతా పకపకా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఎందుకంటే మా షాపులో రోజుకి ఎన్నిసార్లో వినే మాట అది. "ఉష్, మాట్లాడకండి, ధ్యాస పెట్టి కోస్తున్నా." ఆ మాట అన్న వెంటనే ఊపిరి ఆగుతుంది. ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచీ బుడగ చూసింది అదే. దానికి ధ్యాస అంటే ఊపిరి బిగబట్టడం. టీచరు "ధ్యాస పెట్టి చదువు" అంటే బిగబట్టింది. "ధ్యాసగా రాయండి" అంటే బిగబట్టింది. భయమూ లేదు, పాడూ లేదు. చెప్పినమాట వింది, అంతే.

వదిన నేరుగా షాపుకి నడిచింది. తాళం తియ్యకుండా మెట్ల మీదే కూలబడింది.

"మెట్లు ధ్యాస పెట్టి దిగమన్నాను కదే" అంది నాతో. "రోజూ అన్నాను. భుజాలు పట్టుకుని మరీ అన్నాను. నేనే తోశాను దాన్ని."

"ఛ, అవేం మాటలు వదినా! నోటికేదొస్తే అదేనా?"

"ఏం కాదులే" అన్నాడు అన్నయ్య అలవాటుగా.

"అయింది!" అని వదిన లేచింది. "అయింది కాబట్టే దాని నుదుటి మీద కుట్లున్నాయి. ఇంకెప్పుడూ నా ముందు ఆ మాట అనకండి." అన్నయ్య ఆమె చేతిలోంచి తాళంచెవి తీసుకుని తలుపు తెరిచాడు. 

ఆ తర్వాత వదిన చేసిన పని చెబితే మీరూ నవ్వుతారు. ఇంట్లో ధ్యాస అనే మాట నిషేధించింది. బుడగని షాపులోకి రానివ్వలేదు. "ఆ మాట అనకూడదా? అది బూతా అత్తా?" అని పిల్ల నా చెవిలో అడిగింది. మాట పోయినంత మాత్రాన అలవాటు పోతుందా? ఇంట్లో బొమ్మకి రంగులేస్తూ కూడా పెదాలు మడిచేసేది. "ఊపిరి పీల్చవే!" అని వదిన కేకేసేది. పిల్ల బెదిరి ఇంకా బిగబట్టేది. రోజంతా ముగ్గురం దాని బుగ్గలకి కాపలా కాశాం. ఇంతకన్నా నరకం ఉంటుందా చెప్పండి!

యోగా అమ్మాయి దగ్గర వదిన బావురుమంది. ఆ అమ్మాయి ఓదార్చే మాటలేమీ చెప్పలేదు. "పాపని మానమని చెప్పకండి మేడమ్. మీరు మానండి. ఊపిరి వదులుతూ కొయ్యండి. పాప అది చూడాలి" అంది.

"నా చెయ్యి వణుకుతుందమ్మా."

"కొన్నాళ్లు వణకనివ్వండి."

చెప్పడం తేలిక. కట్టింగ్ మాస్టరుకి చెయ్యి వణకడమంటే ఏమిటో చాప మీద కూర్చునేవాళ్లకి ఏం తెలుసు అని నేను లోపల తిట్టుకున్నాను. వదిన మాత్రం ఆ మాట పట్టుకుంది. పొద్దున్నే నలుగురం ఇంట్లో వరసగా వెల్లకిలా పడుకునేవాళ్లం. పొట్ట మీద మడతపెట్టిన తువ్వాలు. ఊపిరి పీలిస్తే తువ్వాలు లేవాలి, వదిలితే దిగాలి. బుడగ తువ్వాలు పడవలా ఆడేది. వదినది కదిలేదే కాదు. ఆమె ఊపిరంతా గొంతు దగ్గరే ఆగిపోతుందని అప్పుడు తెలిసింది. "అమ్మా, కింద దాకా పంపు" అని పిల్ల వాళ్లమ్మ పొట్ట మీద చెయ్యి వేసి చూపించేది. తర్వాత చెవులు మూసుకుని తుమ్మెదలా ఝుమ్మనడం. ఆఖర్న కదలకుండా పడుకోవడం. అందులో మా అన్నయ్య ఆరితేరాడు, రెండో నిమిషంలో గురక.

నవ్వకండి, మార్పొచ్చింది. అన్నయ్య బస్సు దిగి వచ్చి ఎవరినో తిడుతూ చెప్పులు విసిరేవాడు, ఇప్పుడు విసరడం లేదు. నా మెడనొప్పి తగ్గింది. ఒప్పుకోవడానికి మనసొప్పదు గానీ తగ్గింది. వదిన గ్యాసు చూడటానికి మళ్లీ మెట్లెక్కకుండా ఒకరోజు వీధి చివరిదాకా వచ్చేసింది, వచ్చాక తనే ఆశ్చర్యపోయింది. బుడగ బడిలో చదవడానికి లేచే ముందు "హూ" అని ఊదుతోందని టీచరు చెప్పింది. కానీ అన్ని రోజులూ ఒకలా లేవు. ఒకసారి లెక్కలు చేస్తూ పెదవులు నీలంగా మారాయని పంపించేశారు. పడలేదు గానీ, పడేలా ఉందన్నారు. ఆ రోజంతా వదిన దాని చెయ్యి వదల్లేదు.

షాపులో పిల్లని ఎదురుగా నిలబెట్టుకుని పాత పేపర్లు కోసేది. "హూ" అని వదులుతూ కోత, ఆగి పీల్చుకోవడం, మళ్లీ కోత. మొదట్లో గీత వంకర్లు పోయింది. తర్వాత పాత దుప్పట్లు. అవి బాగానే వచ్చాయి. అయితే మా వదిన కూడా తక్కువది కాదు. ఖాతాదార్ల గుడ్డలు మాత్రం బుడగ బడికెళ్లాక, తలుపేసుకుని, పాత పద్ధతిలోనే బిగబట్టి కోసేది. నేను చూసీ చూడనట్టున్నాను. కడుపు నడవాలి కదా.

అప్పుడొచ్చింది ఆ వెల్వెట్ కోటు.

మందుల దుకాణం నడిపే ఆవిడ తెచ్చింది. ముదురు నీలం, అరచేయి పెడితే మునిగిపోయేంత మెత్తన. "మా అమ్మది. ఆవిడ పోయాక దీన్ని చూస్తూ కూర్చుంటున్నా. మా అమ్మాయికి సరిపోయేలా చిన్న కోటు చెయ్యండి మాస్టరమ్మా. మీరైతేనే ఇస్తాను" అంది. వదిన కుట్లు విప్పి, ముక్కలు పరిచి, కొలిచి చూసింది. సరిగ్గా సరిపోతుంది. మిగిలేది మాత్రం ఏమీ ఉండదు. సాయంత్రం ఆవిడ అమ్మాయిని తీసుకొస్తానంది, వదులు కుట్లతో టాకాలు వేసి ఒంటికి పెట్టి చూడటానికి.

మధ్యాహ్నం వదిన సుద్దతో గీత గీసింది. తలుపు వేసి రమ్మని నాకు సైగ చేసింది. నేను తలుపు దగ్గరికెళ్లేసరికి ఎదురుగా బుడగ. బడిలో నీళ్ల గొట్టం పగిలి అందరినీ ముందే ఇళ్లకి పంపించేశారట.

"కింద కిరాణా కొట్టు దగ్గర ఆడుకోవే కాసేపు" అన్నాను.

"ఎందుకు? అమ్మ కోస్తోందా? నేనూ చూస్తా." నా చెయ్యి కిందుగా దూరి వెళ్లి బల్లకి గడ్డం ఆనించింది.

వదిన నావైపు చూసింది. "పంపెయ్ వదినా, ఇది పేపరు కాదు" అన్నాను. ఆమె గుడ్డని చూసింది, పిల్లని చూసింది. "ఉండనీ" అంది.

కత్తెర తీసుకుంది. పొడుగ్గా ఊపిరి పీల్చి, వదులుతూ మొదలుపెట్టింది. కరకరమని కత్తెర వెల్వెట్‌లోకి దిగింది. ఆగింది, పీల్చింది, మళ్లీ సాగింది. పక్క గీత చక్కగా వచ్చింది. బుడగ కూడా "హూ" అంటోంది.  ఇక చంక దగ్గర గుండ్రం. ఏ దర్జీనైనా అడగండి, ఆ వంపులో కత్తెర ఆపకూడదు. ఆపితే అక్కడ మెలిక పడుతుంది. వదిన వంపులోకి తిరిగింది. సగందాకా వెళ్లింది. అక్కడ పాత అలవాటు ఆమెను పట్టేసింది. పెదాలు లోపలికి వెళ్లిపోయాయి.

బుడగ పెదాలు కూడా వెళ్లిపోయాయి. బుగ్గలు పొంగాయి. బల్ల అంచుని పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి.

నేను అరవబోయాను. ఈలోపే వదిన చూసింది. ఇంకో రెండు కోతలేస్తే గుండ్రం పూర్తవుతుంది. ఆమె వెయ్యలేదు. వంపు మధ్యలో కత్తెర ఆపేసింది. చెయ్యి తీయబోతుంటే వెల్వెట్ జారింది. కత్తెర మొన గీత దాటి లోపలికి నాటుకుంది. ఆమె అటు చూడనైనా లేదు. పిల్ల ముఖంలోకి వంగి "హూ…" అని పొట్ట లోపలికి పోయేంతగా వదిలింది. బుడగ వాళ్లమ్మనే చూస్తూ వదిలింది. ఇద్దరూ పీల్చుకున్నారు. పిల్ల బుగ్గల ఎరుపు మెల్లగా దిగింది.

అప్పుడు నేను గుడ్డ చూశాను. కుట్టులో కలిసిపోయే గాటు కాదది. ముందుభాగంలోకి దిగింది.

"అమ్మా, పాడైపోయిందా?" అంది బుడగ.

"పాడైపోయింది."

"ఆవిడ తిడతారా?"

"తిడతారు నాన్నా. తిట్టాలి కూడా. అది వాళ్లమ్మ కోటు."

"దాచేద్దాం వదినా" అన్నాను నేను. "పైనుంచి జేబు కుట్టేస్తా. ఎవడు చూడొచ్చాడు?" వదిన తల అడ్డంగా ఊపింది. సాయంత్రందాకా ఆమె నీళ్లు కూడా తాగలేదు. పిల్లని ఇంటికి పంపెయ్యమన్నాను. పంపలేదు. పెద్ద గొంతు వింటే అది బిగుసుకుపోతుందని తెలిసి కూడా పంపలేదు. నాకు ఒళ్లు మండింది, ఈవిడకి మతి పోయిందా అనుకున్నాను.

మందుల దుకాణం ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. వదిన ముక్క చేతిలో పెట్టి, "నా చెయ్యి తప్పిందండీ. నేనే పాడుచేశాను" అంది.

ఆవిడ ఆ గాటులోంచి వేలు పెట్టి చూసింది. ముందు కళ్లనిండా నీళ్లొచ్చాయి, ఆ తర్వాత గొంతు లేచింది. "మీ చేతికిస్తే ఇలాగేనా చేసేది? ఇది ఎక్కడైనా కొంటే దొరికేదా? మా అమ్మ వాసన ఉందండీ దీంట్లో!" మెట్ల కిందిదాకా వినబడేలా అరిచింది. వదిన చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె చూపు మాత్రం ఆవిడ మీద లేదు. పక్కన తన కొంగు పట్టుకుని నిలబడిన బుడగ బుగ్గల మీద ఉంది. నేనూ అటే చూస్తున్నాను. బుగ్గలు ఒకసారి పొంగాయి.  వదిన కిందికి చెయ్యి చాచి పిల్ల పొట్ట మీద పెట్టింది.

"ఎక్కడ చూస్తున్నారండీ? నేను మాట్లాడుతున్నది మీతోనే!"

"పిల్లని చూస్తున్నానండీ" అంది వదిన. ఆమె గొంతు వణికింది గానీ ఊపిరి ఆగలేదు. "మీరు అనండి. అంతా వింటున్నాను."

ఆవిడ ఇంకా అంది. అనవలసినంతా అంది. చివరికి ముక్కలన్నీ సంచిలో కుక్కుకుని, ఇక ఈ మెట్లు ఎక్కనని చెప్పి కూతుర్ని తీసుకుని వెళ్లిపోయింది. కింద వీధి తలుపు దడాలున పడింది.

 బుడగ కాసేపు మెట్ల కేసి చూసింది. తర్వాత తన కాళ్లకేసి చూసుకుంది. వాళ్లమ్మ కొంగు లాగింది.

"అమ్మా, నేను పడిపోలేదు."

వదిన అక్కడే, రాలిన పేలికల మధ్య నేల మీద కూర్చుండిపోయి, పిల్లని ఒళ్లోకి లాక్కుని, వెక్కి వెక్కి ఏడ్చింది.